బొమ్మ గుర్రంతో మొదటి షోకి: కొనడం దగ్గర్నుంచి జడ్జి టేబుల్ దాకా

మోడల్ హార్స్ షోలో నిజం గుర్రం ఒక్కటీ ఉండదు. పొడవాటి టేబుళ్ల మీద బొమ్మ గుర్రాలు వరసగా నిలబడి ఉంటాయి. చేతిలో కాగితం పట్టుకుని జడ్జి వాటి చుట్టూ తిరుగుతారు. వాళ్లు చూసే తీరు మాత్రం నిజం గుర్రాన్ని చూసే తీరే: కాళ్లు తిన్నగా ఉన్నాయా, మెడ ఆ జాతికి తగ్గట్టు ఉందా, ఆ రంగు ఆ జాతిలో పుడుతుందా? అందుకే ఖరీదైన బొమ్మ తెచ్చినవాళ్ల కంటే గుర్రాల గురించి చదివి వచ్చినవాళ్లకే ఇక్కడ ఎక్కువ రిబ్బన్లు వస్తాయి. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి వార్త ఉండదు.

ఈ హాబీకి పుట్టిల్లు అమెరికా. మన తెలుగువాళ్లు బోలెడంతమంది ఉన్న న్యూజెర్సీలోనే, బొమ్మ గుర్రాలు చేసే బ్రయర్ కంపెనీ ఆఫీసు ఉంది. ఇంట్లో గుర్రాల పిచ్చి ఉన్న అమ్మాయో అబ్బాయో ఉంటే ఈపాటికి ఒకట్రెండు బ్రయర్ గుర్రాలు షెల్ఫ్ ఎక్కే ఉంటాయి. వాటితోనే మొదలుపెట్టవచ్చు. పెద్దవాళ్లకూ ఇది హాబీయే. షోలలో పిల్లలకు యూత్ విభాగం విడిగా పెడతారు కూడా.

ముందు ఏ గుర్రం?

బ్రయర్ కథ 1950లో చికాగోలో మొదలైంది. ఒక గడియారాల కంపెనీ తన గడియారం పక్కన నిలబెట్టడానికి ప్లాస్టిక్ గుర్రం చేసిపెట్టమంది. గడియారం కంటే ఆ గుర్రమే జనానికి నచ్చింది. అప్పటి నుంచి నేటి దాకా ఈ గుర్రాల్లో పెద్దవాటిని సెల్యులోజ్ ఎసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేస్తున్నారు. రెండు సగాలుగా అచ్చు పోసి, అతికించి, అతుకు గీకి, ఆపైన రంగు స్ప్రే చేస్తారు. ఈ తయారీ పద్ధతిని గుర్తుపెట్టుకోండి. బొమ్మలో వచ్చే లోపాలన్నీ ఇందులోంచే వస్తాయి.

సైజులు చాలా ఉన్నాయి కానీ కొత్తవాళ్లకు రెండు తెలిస్తే చాలు. ట్రెడిషనల్ అంటే నిజం గుర్రంలో తొమ్మిదో వంతు, రెండు చేతులతో పట్టుకోవాల్సినంత పెద్దది. స్టేబుల్‌మేట్ అంటే ముప్ఫై రెండో వంతు, అరచేతిలో ఇమిడిపోతుంది. ట్రెడిషనల్ ఒక్కటి కొనే డబ్బుతో స్టేబుల్‌మేట్లు ఐదారు వచ్చేస్తాయి. బడ్జెట్ గురించి టెన్షన్ పడేవాళ్లు నిస్సంకోచంగా చిన్నవాటితో మొదలుపెట్టండి. షోలలో వాటికి ప్రత్యేకంగా క్లాసులు, అంటే విడి పోటీలు, ఉంటాయి, పోటీ కూడా గట్టిగానే ఉంటుంది.

వీలైతే దుకాణానికి వెళ్లి చేతిలోకి తీసుకుని చూసి కొనండి. ఒకే మోడల్ పెట్టెలు నాలుగు పక్కపక్కన ఉంటే ఆ నాలుగూ ఒకలా ఉండవు, ఎందుకంటే రంగు చేత్తో వేస్తారు. గుర్రాన్ని లైటు కింద ఏటవాలుగా పట్టుకుని చెవి కొసల నుంచి మొదలుపెట్టండి. రంగు ముందుగా అరిగేది అక్కడే. తర్వాత కళ్లు: రెండు కళ్లూ ఒకే దిక్కు చూస్తున్నాయా, నల్లగుడ్డులో మెరుపు చుక్క సరైన చోట ఉందా? ఆ తర్వాత ఛాతీ మధ్య, పొట్ట కింద, కాళ్ల లోపలి వైపు అతుకు గీత తేలి కనిపిస్తోందా? తెల్లటి మచ్చల అంచుల్లో రంగు చిమ్మినట్టు పడిందా? గిట్టల మీద కాలి రంగు జారిందా? చివర్లో తోక కొస. అది నేలకు, పెట్టెకు తగిలి గీసుకుంటుంది. ఇన్నీ చూశాక బొమ్మను చదునైన చోట నిలబెట్టండి. ఊగే గుర్రం ఎంత అందంగా ఉన్నా షోకి పనికిరాదు, దాన్ని ఇంట్లో అలంకరణకు ఉంచుకోవచ్చు.

శుభ్రం చేయడం, ఎక్కడ ఆగాలో తెలుసుకోవడం

షోలో ఉన్న పెద్ద విభజన ఇది: కంపెనీ నుంచి వచ్చినది వచ్చినట్టే ఉన్న బొమ్మ ఒరిజినల్ ఫినిష్. ఎవరైనా రంగు మార్చినా, ఆకారం మార్చినా అది కస్టమ్. కళాకారులు పరిమిత సంఖ్యలో రెజిన్‌తో పోసే బొమ్మలు ఆర్టిస్ట్ రెజిన్. పింగాణీవి మరో విభాగం. కొత్తవాళ్లు ఒరిజినల్ ఫినిష్‌లో మొదలుపెట్టడమే సులువు.

సులువే కానీ దానికి ఒక గట్టి నియమం ఉంది. చెవి కొసన ఆవగింజంత రంగు పోయిందని మార్కర్‌తో చుక్క పెట్టారంటే ఆ గుర్రం ఇక ఒరిజినల్ ఫినిష్ కాదు. అతుకు గీతను బ్లేడుతో గీకినా అంతే. అలా సరిచేసినదాన్ని చెప్పకుండా ఒరిజినల్ క్లాసులో పెట్టడం మోసం కిందికి వస్తుంది, అమ్మేటప్పుడు చెప్పకపోవడం ఇంకా పెద్ద తప్పు. ఈ హాబీ అంతా ఒకరి మాట ఒకరు నమ్మడం మీదే నడుస్తోంది. చిన్న గీత ఉంటే ఉండనివ్వండి.

కడగడం మాత్రం తప్పు కాదు, కడిగి తీరాలి. గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ సోపు రెండు చుక్కలు వేసి, మెత్తటి మేకప్ బ్రష్‌తోనో పసిపిల్లల టూత్‌బ్రష్‌తోనో జూలు గాడుల్లో, చెవుల లోపల, గిట్టల మధ్య ఉన్న దుమ్ము తీయండి. మెత్తటి గుడ్డతో అద్దండి, రుద్దకండి. మరకలు పోగొట్టే తెల్లటి మ్యాజిక్ స్పాంజి జోలికి వెళ్లొద్దు, అది సన్నని ఉప్పుకాగితంలా పనిచేసి రంగును అరగదీస్తుంది. గోళ్ల రంగు తీసే ఎసిటోన్ అయితే ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది.

పాత తెల్ల గుర్రాలు ఏళ్లు గడిచేకొద్దీ పసుపు పచ్చగా మారతాయి. వాటికి కలెక్టర్లు వాడే మందు ఎండే. కిటికీ దగ్గర పెట్టి, అప్పుడప్పుడు తిప్పుతూ ఉంటే కొన్ని వారాల్లో పసుపు తగ్గుతుంది. గుర్రం మీద వేరే రంగులు కూడా ఉంటే ఎండకు అవీ వెలుస్తాయి, కాబట్టి రోజూ ఓ కన్నేసి ఉంచండి. గది మరీ వేడెక్కితే ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఎండాకాలం పార్క్ చేసిన కారులో గుర్రాలను వదిలేసి భోజనానికి వెళ్తే తిరిగొచ్చేసరికి కాళ్లు వంగిపోయి ఉండొచ్చు.

జాతి నిర్ణయించడం: అసలు హోంవర్క్ ఇదే

పెట్టె మీద ఏ జాతి పేరు ఉందో అదే జాతిగా చూపించాలని నియమం లేదు. ఈ గుర్రం ఏ జాతిదో చెప్పాల్సింది మీరే. మీరు చెప్పింది నమ్మదగ్గదేనా అని జడ్జి చూస్తారు. బ్రయర్‌లో అడియోస్ అనే పాత అచ్చు ఉంది. అసలు అడియోస్ స్టాండర్డ్‌బ్రెడ్ జాతికి చెందిన పేరున్న గుర్రం. కానీ ఆ అచ్చు కండపుష్టి చూసి కంపెనీయే దాన్ని ఎల్లో మౌంట్ అనే పెయింట్ జాతి గుర్రంగానూ రంగు వేసి అమ్మింది. షోలలో దాన్ని క్వార్టర్ హార్స్‌గా పెట్టేవాళ్లూ ఉన్నారు. అచ్చు ఒకటే, రంగును బట్టి జాతి మారింది.

అందుకని రెండు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఈ ఒళ్లు ఏ జాతికి నప్పుతుంది? రెండు, ఈ రంగు ఆ జాతిలో ఉందా? రెండో ప్రశ్న దగ్గరే కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. నుదుటి కింద కాస్త లోపలికి వంగిన ముఖం, పైకెత్తిన తోక చూసి ఇది అరబ్బీ గుర్రమే అనుకుంటారు. ఒంటిమీద బంగారు రంగు, తెల్లటి జూలు ఉంటాయి, అంటే పాలమినో. శుద్ధ అరబ్బీ జాతిలో ఆ రంగు తెచ్చే క్రీమ్ జన్యువే లేదు. అరబ్బీ క్లాసులో పెడితే జడ్జి రంగు చూసి పక్కనపెడతారు. దాన్నే హాఫ్ అరబ్ అనో, అమెరికాలో పుట్టిన మోర్గాన్ జాతి అనో రాస్తే ఒళ్లు నప్పినంత వరకు దారి ఉంటుంది. ఎందుకంటే మోర్గాన్లలో పాలమినో ఉంది. అలాగే క్లీవ్‌లాండ్ బే జాతి పేరులో ఉన్నట్టే బే రంగులోనే ఉంటుంది, అంటే గోధుమ ఒళ్లు, నల్లటి జూలు, నల్లటి కాళ్లు. హాఫ్లింగర్ అంటే ఎర్రగోధుమ ఒళ్లు, లేత రంగు జూలు. ఫ్రీజియన్ అనగానే నలుపు.

తెల్ల గుర్రాల విషయం ఇంకా బాగుంటుంది. మనకు తెల్లగా కనిపించే గుర్రాల్లో చాలావాటిని గుర్రాలవాళ్లు గ్రే అంటారు. అవి ముదురు రంగులో పుట్టి, వయసుతో పాటు వెంట్రుకలు తెల్లబడతాయి, కింద చర్మం నల్లగానే ఉంటుంది. కాబట్టి తెల్ల బొమ్మకు మూతి, కళ్ల చుట్టూ నల్లగా బూడిదగా రంగు వేసి ఉంటే అది గ్రే. మూతి గులాబీగా ఉంటే వేరే కథ. ఇలాంటివి ఒకసారి కంటికి అలవాటైతే నిజం గుర్రాన్ని చూసినా అవే కనిపిస్తాయి. ఈ హాబీలో నాకు అన్నిటికంటే విలువైనది ఇదే.

మన దేశపు జాతులను కూడా మర్చిపోకండి. మార్వాడీ, కాఠియావాడీ గుర్రాల చెవులు లోపలికి వంగి కొసలు ఒకదాన్నొకటి తాకేలా ఉంటాయి. ఆ చెవులు లేని బొమ్మను, ఒళ్లు ఎంత బాగున్నా, మార్వాడీ అని పెట్టకండి. చెవులు సరిగ్గా ఉంటే మాత్రం ధైర్యంగా పెట్టండి. అమెరికన్ జడ్జీలు అందరికీ ఆ జాతి గురించి అంతగా తెలియకపోవచ్చు. కాబట్టి చిన్న కార్డు మీద జాతి పేరు, ఊరు, చెవుల లక్షణం, ఉండే రంగులు రాసి, నిజం మార్వాడీ ఫొటో ఒకటి అతికించి గుర్రం ముందు పెట్టండి. అరుదైన జాతికి, అరుదైన రంగుకు ఇలా కార్డు పెట్టడం మామూలే. నాలుగు వాక్యాలు మించొద్దు. జడ్జికి అంత చదివే తీరిక ఉండదు.

లింగం కూడా చూసుకోండి. అచ్చులో మగ అవయవాలు స్పష్టంగా ఉంటే దాన్ని ఆడ గుర్రం అని రాస్తే నవ్వులపాలు.

ట్యాగ్ కట్టడం

ప్రతి గుర్రం కాలికి దారంతో వేలాడే గుండ్రటి చిన్న కాగితం ట్యాగ్ ఉండాలి. స్టేషనరీ దుకాణాల్లో దొరుకుతాయి. ఒకవైపు గుర్రం పేరు, జాతి, లింగం రాస్తారు, రెండోవైపు మీ ఎగ్జిబిటర్ నంబరు, గుర్రం నంబరు. షో నిర్వాహకులు ఎలా అడిగితే అలాగే రాయండి, ఒక్కో షోది ఒక్కో పద్ధతి. మీ పేరు కనిపించకూడదు, జడ్జి గుర్రాన్ని చూడాలి కానీ యజమానిని కాదు. ట్యాగ్ చుట్టూ లోహపు అంచు ఉంటే గుర్రం కాలికి గీతలు పడతాయి, ప్లాస్టిక్ అంచువి కొనండి. వెనక కాలికి వదులుగా కట్టండి.

పేరు మీ ఇష్టం. పెట్టె మీది పేరే ఉంచాలని లేదు. "చేతక్", "మేఘన", "సిరిమువ్వ" అని మనకు నచ్చిన పేర్లు పెట్టవచ్చు. జడ్జి నోరు తిరగకపోయినా నష్టం లేదు, పిలిచేది నంబరే.

షో ఎంచుకుని ఎంట్రీ పంపడం

అమెరికాలో, కెనడాలో జరిగే షోలలో చాలావాటికి నామ్సా అనే సంఘం గుర్తింపు ఉంటుంది. ఉత్తర అమెరికా మోడల్ హార్స్ షోల సంఘం అన్నమాట. దాని క్యాలెండర్‌లో మీ రాష్ట్రంలో జరిగేవి వెతకండి. గుర్తింపు ఉన్న షోలో ఒక క్లాసులో మొదటి, రెండో స్థానాలు వచ్చిన గుర్రాలకు నాన్ కార్డు ఇస్తారు. ఆ కార్డు ఉంటేనే ఆ సంఘం నడిపే జాతీయ పోటీకి ఆ గుర్రాన్ని తీసుకెళ్లగలరు. మొదటి ఏడాది దాని గురించి ఆలోచించకండి, వస్తే దాచుకోండి.

జులైలో కెంటకీలోని లెక్సింగ్టన్‌లో, కెంటకీ హార్స్ పార్క్‌లో బ్రయర్‌ఫెస్ట్ జరుగుతుంది. 1990లో మొదలైన పండగ అది. బొమ్మలకు మూలమైన నిజం గుర్రాలు కొన్నిటిని అక్కడే చూడొచ్చు. కుటుంబంతో వెళ్లడానికి చాలా బాగుంటుంది, కానీ మొదటి పోటీకి అది మరీ పెద్దది. ఇంటికి గంట, రెండు గంటల దూరంలో చర్చి హాల్లోనో ఫెయిర్‌గ్రౌండ్‌లోనో జరిగే చిన్న షోతో మొదలుపెట్టండి. "నోవిస్", అంటే కొత్తవాళ్ల విభాగం ఉంటే ఇంకా మంచిది.

ఎంట్రీ ఫారం నింపే ముందు క్లాస్ లిస్ట్ పూర్తిగా చదవండి. అరబ్బీలు, క్వార్టర్ గుర్రాలు, డ్రాఫ్ట్ అంటే బండి లాగే బరువైన జాతులు, పోనీలు, గుర్రం పిల్లలు, ఇలా విడివిడిగా ఉంటాయి. ఒక్కో క్లాసులో ఒక్కొక్కరు ఎన్ని పెట్టవచ్చో కూడా అందులోనే ఉంటుంది. కొత్తవాళ్లు పది గుర్రాలు దాటకుండా తీసుకెళ్లాలని నా సలహా. వేర్వేరు జాతులవి అయితే ఒకదాని తర్వాత ఒకటి తీరిగ్గా పెట్టుకోవచ్చు. యాభై తీసుకెళ్తే రోజంతా ట్యాగులు వెతకడంతోనే సరిపోతుంది.

సర్దుకోవడం

గుర్రాలకు గాయాలయ్యేది షోలో కంటే ప్రయాణంలోనే ఎక్కువ. పోనీ పౌచ్ అని మెత్తటి లోపలి గుడ్డతో, జిప్పుతో చిన్న సంచులు అమ్ముతారు. లేకపోతే పాత ఉన్ని టోపీలు, మెత్తటి సాక్సులు, ఫ్లీస్ దుప్పటి ముక్కలు చాలు. మొదట చెవులకు, కాళ్లకు మెత్తటి గుడ్డ చుట్టి, ఆ తర్వాత ఒళ్లంతా చుట్టి, ప్లాస్టిక్ పెట్టెలో పక్కకు పడుకోబెట్టండి. రెండు గుర్రాలు ఒకదానికొకటి నేరుగా తగలకూడదు. బబుల్ ర్యాప్ నేరుగా రంగుకు ఆనించొద్దు, వేడికి బుడగల గుర్తులు పడతాయి.

వాటితోపాటు తీసుకెళ్లాల్సినవి: మీ టేబుల్ మీద పరచడానికి దుప్పటి, దుమ్ము దులపడానికి మెత్తటి పెద్ద మేకప్ బ్రష్, అదనపు ట్యాగులు, పెన్ను, క్లాస్ లిస్ట్ ప్రింటు. ఆ లిస్టులో ఏ క్లాసుకి ఏ గుర్రం వెళ్తుందో ముందు రాత్రే గుర్తు పెట్టుకోండి. నీళ్లు, పులిహోర డబ్బా కూడా పెట్టుకోండి. షో పొద్దున మొదలై సాయంత్రం దాకా సాగుతుంది, దగ్గర్లో తినడానికి ఏమీ ఉండకపోవచ్చు.

టేబుల్ దగ్గర

క్లాసు పేరు పిలవగానే గుర్రాన్ని తీసుకెళ్లి పోటీ టేబుల్ మీద పెట్టాలి. తీసుకెళ్లే ముందు బ్రష్‌తో ఒకసారి దులపండి, నల్ల గుర్రం మీద ఒక్క నూలుపోగు ఉన్నా కనిపిస్తుంది. ఒక చేయి పొట్ట కింద, ఇంకో చేయి వీపు మీద ఉంచి పట్టుకోండి. కాళ్లు, చెవులు, తోక పట్టుకుని ఎత్తొద్దు.

టేబుల్ మీద పక్క గుర్రానికి జానెడు దూరం వదలండి. గుడ్డ ముడతలు లేని చోట నాలుగు కాళ్లూ నేలకు ఆనాయో లేదో చూడండి. ఒకటి పడితే పక్కది, దాని పక్కది, వరసంతా పడిపోతాయి, వేరేవాళ్ల గుర్రం చెవి విరిగితే ఆ బాధ మాటల్లో చెప్పలేం. మెడ అందం జూలు లేని వైపు బాగా తెలుస్తుంది కాబట్టి, ఏ వైపు నుంచి గుర్రం అందంగా ఉంటుందో ఇంట్లోనే చూసి పెట్టుకుని ఆ వైపే జడ్జికి ఉంచండి. పెట్టేశాక పక్కకు తప్పుకోండి.

జడ్జి పనిలో ఉండగా "అది నాది" అనడం, గుర్రం చరిత్ర చెప్పడం అస్సలు కుదరదు. ఇతరుల గుర్రాలు ముట్టుకోవద్దు. ఫలితాలు పెట్టాక రిబ్బన్లు కనిపిస్తాయి. అమెరికా పద్ధతిలో మొదటి స్థానానికి నీలం, రెండో స్థానానికి ఎరుపు. తర్వాత ఆ విభాగం మొత్తానికి ఛాంపియన్‌ని ఎంచడానికి మొదటి, రెండో స్థానాలు వచ్చినవాటిని మళ్లీ పిలుస్తారు. నీలం రిబ్బన్ రాగానే గుర్రాన్ని పెట్టెలో సర్దేయకండి.

మీకు ఏ స్థానమూ రాకపోతే, గెలిచిన గుర్రం ముందు కాసేపు నిలబడి చూడండి. అది మీదాని కంటే ఎందుకు ముందుందో పది నిమిషాల్లో తెలుస్తుంది. జడ్జి తీరిగ్గా ఉన్నప్పుడు మర్యాదగా అడిగితే చాలామంది ఓపికగా చెబుతారు.

జీను, కళ్లెం వేసి చూపించాలంటే

పర్ఫార్మెన్స్ క్లాసుల్లో బొమ్మకు జీను, కళ్లెం వేసి, నిజంగా ఏదో పని చేస్తున్నట్టు చూపించాలి. గేటు తెరిచే గుర్రం, ఆవు దూడను అడ్డుకునే గుర్రం, కర్ర మీంచి దూకే గుర్రం. మొదటి షోకి ఇది వద్దు, రెండోదానికో మూడోదానికో ప్రయత్నించండి. ఇక్కడ కొలతలే ముఖ్యం. ట్రెడిషనల్ సైజు తొమ్మిదో వంతు కాబట్టి మూడు అడుగుల కంచె, అంటే 36 అంగుళాలు, బొమ్మ ముందు 4 అంగుళాలు ఉండాలి. 16 హ్యాండ్ల (ఒక హ్యాండ్ నాలుగు అంగుళాలు) గుర్రం అంటే వీపు మొదట్లో 64 అంగుళాల ఎత్తు, అది బొమ్మలో 7 అంగుళాల పైచిలుకు అవుతుంది. కంచె 6 అంగుళాలు పెడితే నాలుగున్నర అడుగులైపోయింది, మూడు అడుగుల కంచె క్లాసులో అంత ఎత్తు ఉండదు.

కళ్లెపు ముక్క నోట్లో ఉన్నట్టు కనిపించాలి, పొట్ట కింద పట్టీ వేలాడకూడదు, పగ్గాలు గాల్లో తేలకూడదు. వీటిని నిలపడానికి మెత్తటి మైనం కొద్దిగా వాడతారు. షో అయిన రోజే దాన్ని తీసేయండి, ఎక్కువ రోజులు ఉంటే మరక పడుతుంది.

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఉంటే

ఫొటో షోలు ఉన్నాయి. గుర్రాన్ని పంపక్కర్లేదు, ఫొటో పంపితే చాలు. మెప్సా అనే సంఘం చాలా కాలంగా ఫొటో షోలు నడుపుతోంది, ఇంకా ఆన్‌లైన్‌లో చాలామంది పెడుతున్నారు. ఇక్కడ కెమెరా ఎత్తే అన్నిటికంటే ముఖ్యం. ఫోన్‌ను నిలబడి పట్టుకుని పై నుంచి తీస్తే బొమ్మలాగే కనిపిస్తుంది. ఫోన్‌ను టేబుల్ అంచు దాకా దించి, లెన్స్ గుర్రం పొట్ట ఎత్తులో ఉండేలా తీస్తే నిజం గుర్రం పక్కన నిలబడి తీసినట్టు ఉంటుంది. పొద్దున్నే డాబా మీద నీడలో తీయండి, నడినెత్తి ఎండలో పొట్ట కింద నల్లటి నీడ పడుతుంది. వెనక సాదా నీలం లేదా బూడిద రంగు గుడ్డ కట్టండి. నేల మీద సన్నటి ఇసుక జల్లితే గిట్టలు నేలలో కుదురుకున్నట్టు ఉంటాయి, గులకరాళ్లు మాత్రం వేయొద్దు, కొలత చెడిపోతుంది. చెవుల నుంచి తోక దాకా ఫ్రేములో మొత్తం పట్టిందో లేదో చూసుకుని, ఫైలుకు గుర్రం పేరు, జాతి, లింగం పెట్టి పంపండి.